ముగియని మచ్చిక: గేదె వంశచరిత్ర



ఎవరి స్మృతిలో మనమందరం ఇక్కడ కూర్చున్నామో ఆ మాస్టారు మాకు పశు ప్రజననశాస్త్రం చెప్పారు. ఏ పశువును చూపించినా ఆయన మొదట అడిగేది ఒక్కటే: దీని తల్లి ఏది, తండ్రి ఏది? తెలియదంటే జాతి అన్న గడిలో ఏమీ రాయనిచ్చేవారు కాదు. రంగూ కొమ్మూ చూసి జాతిని ఊహించి రాసే అలవాటును గట్టిగా మందలించేవారు. ఈ సభలో మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, ఆయన ప్రశ్ననే ఒక పశువుకు కాక మొత్తం గేదెజాతికి వేసి చూడాలనిపించింది. ఈ శతాబ్దంలో జన్యుశాస్త్రం ఆ ప్రశ్నకు చాలా జవాబులు వెతికి పెట్టింది. అవి పరిశోధన పత్రికల్లో ఉన్నాయి. పాడి రైతు దొడ్డిదాకా ఇంకా రాలేదు.

మచ్చిక అంటే ఎప్పుడో ఒకనాడు, ఎక్కడో ఒకచోట జరిగి ముగిసిపోయిన సంగతి అనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. గేదె విషయంలో అది నిలవదని ఈ సాయంత్రం మీ ముందు వాదించబోతున్నాను. గేదె ఒకసారి కాదు, రెండుసార్లు మచ్చికైంది. ఆ తర్వాత కూడా వేల ఏళ్లపాటు అడవికీ దొడ్డికీ మధ్య దారి మూసుకుపోలేదు. నేడు మన ఊళ్లలో కనిపించే గేదెల వైవిధ్యం ఆ తెరిచిన దారి వల్లా, దాన్ని తెరిచి ఉంచిన కాపరుల వల్లా నిలిచింది. పాల దిగుబడి పెంచడమనే అవసరమైన పని చేస్తూనే, మన తరం ఆ దారిని మూసేస్తోంది.

మొదట రెండు మచ్చికల సంగతి. గేదె రక్తంలోని తెల్లకణాలను పెంచి, అవి విభజన చెందుతుండగా ఆపి, గాజుపలక మీద పరిచి రంగు వేస్తే క్రోమోజోములు విడివిడిగా కనిపిస్తాయి. ముర్రా గేదె పలక మీద లెక్కపెడితే 50 వస్తాయి. అస్సాంలోని లుయిత్ గేదె పలక మీద లెక్కపెడితే 48. తక్కువైన జత ఎటూ పోలేదు. మన గేదెలోని నాలుగో క్రోమోజోమూ తొమ్మిదో క్రోమోజోమూ అక్కడ కొసకు కొస అతుక్కుని ఒకటే పెద్ద క్రోమోజోము అయ్యాయి. పలక మీద అన్నిటికంటే పొడుగ్గా కనిపించేది అదే. మొదటి తెగను నది గేదె అంటారు; మన దేశంలో అత్యధిక భాగం, పాకిస్తాన్, ఈజిప్టు, ఇటలీ దాకా ఉన్నది ఇదే. రెండోది చిత్తడి గేదె. మన ఈశాన్య ప్రాంతం నుంచి చైనా, వియత్నాం, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ దాకా ఉన్నది అది. నది గేదె ప్రధానంగా పాల పశువు. చిత్తడి గేదె వరిమడి దమ్ముకు పుట్టినట్టు బలంగా, పొట్టిగా, వెడల్పాటి అర్ధచంద్రాకారపు కొమ్ములతో ఉంటుంది. దూడ తాగగా మిగిలే పాలు కొద్దే. రెండూ జతకడతాయి. పుట్టిన దూడకు 49 క్రోమోజోములుంటాయి. ఆ దూడ పెరిగి బీజకణాలు తయారు చేసుకునేటప్పుడు రెండు కలిసి విడిపోవాల్సిన చోట మూడు కలిసి విడిపోవాలి. అన్నిసార్లూ సరిగ్గా జరగదు. కనుక అవి గొడ్డుపోవు గానీ చూలు నిలవడంలో కొంత వెనకబడతాయి.

ఈ రెండు తెగల పూర్వీకులు ఎప్పుడు విడిపోయారన్న లెక్కలు ఒక పరిశోధనకూ మరొకదానికీ చాలా తేడాగా ఉన్నాయి. కానీ ఆ విడిపోవడం లక్షల ఏళ్ల నాటిదన్న విషయంలో ఇటీవలి జన్యు లెక్కలు ఒకే వైపు మొగ్గుతాయి. మనిషి విత్తు నాటడం మొదలుపెట్టి సుమారు పది పన్నెండు వేల ఏళ్లు. కాబట్టి మనిషి చేరదీసే నాటికే అడవిలో రెండు వేర్వేరు గేదెలున్నాయి. రెండు చోట్ల, రెండు జనసమూహాలు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే వాటిని చేరదీశాయి.

ఈ మాటను గట్టిగా చెప్పడంలో మన హైదరాబాద్‌కు భాగముంది. 2007లో సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీకి చెందిన సతీష్ కుమార్, నాగరాజన్ తదితరులు ఎనిమిది భారతీయ జాతుల గేదెల మైటోకాండ్రియా జన్యుపదార్థాన్ని పరిశీలించారు: ముర్రా, జాఫరాబాదీ, సుర్తీ, మెహసానా, భదావరీ, నాగపురి, పంఢర్‌పురి, నీలగిరుల తోడా గేదె. మైటోకాండ్రియా తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. తండ్రి వాటా అందులో లేదు. అంటే మాస్టారి ప్రశ్నలో మొదటి సగానికి అది నేరుగా జవాబు చెబుతుంది. నది గేదె, చిత్తడి గేదె వేర్వేరుగా మచ్చికయ్యాయనీ, నది గేదె మచ్చిక మన ఉపఖండపు పశ్చిమ భాగంలో సుమారు 6300 ఏళ్ల కిందట మొదలైందనీ ఆ బృందం నిర్ధారణకు వచ్చింది.

పశ్చిమ భాగం అనగానే మన దృష్టి సింధు లోయ మీదికి వెళ్తుంది. అక్కడి తవ్వకాల సాక్ష్యం తేలికైనది కాదు. మొహెంజోదారో ముద్రల మీద వెనక్కి వంగిన గాట్ల కొమ్ములతో తలెత్తి నిలబడ్డ గేదె ఉంది. పశుపతి ముద్ర అని ప్రసిద్ధికెక్కిన దానిలో కూర్చున్న మూర్తి చుట్టూ ఉన్న నాలుగు మృగాల్లో ఏనుగు, పులి, ఖడ్గమృగంతో పాటు గేదె ఉంది. మిగతా మూడూ అడవి జంతువులే. ఆ వరసలో గేదెను చెక్కిన శిల్పికి అది ఊరి పశువుగా కనిపించిందా, వనమృగంగా కనిపించిందా?

హరప్పాలో దొరికిన ఒక చిన్న మట్టి పలకను దగ్గరగా చూద్దాం. ఒక మనిషి గేదె తల మీద కాలు మోపి తొక్కిపట్టాడు. ఒక చేత్తో కొమ్ము కొస పట్టుకుని, రెండో చేత్తో వీపులోకి ఈటె దింపుతున్నాడు. పైన మొసలి. పక్కన కొమ్ముల తలకట్టుతో ఒక మూర్తి యోగాసనంలాంటి భంగిమలో కూర్చుని చూస్తోంది. ఇది వేటా, బలా? దీన్ని మహాబలిపురంలో ఏడో శతాబ్దపు మహిషమర్దిని శిల్పంతో కలిపి చూసిన పండితులున్నారు. మధ్యలో వేల ఏళ్ల ఖాళీ ఉంది కనుక నేను ఆ వంతెన కట్టను. కానీ ఒకటి నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ పలక చేసిన సమాజంలో గేదె పాలిచ్చే సాధు జంతువు మాత్రమే కాదు. భయపెట్టే మృగం కూడా. అదే కాలపు గుజరాత్ ధోలావీరాలో ఎముకలను కొలిచి పరిశీలించిన అజితా పటేల్, రిచర్డ్ మెడో అక్కడ మచ్చిక గేదెలు ఉన్నాయని వాదించారు. అంటే ఒకే నాగరికతలో ఒకచోట గేదెను వేటాడుతున్నారు, మరోచోట పెంచుతున్నారు. బహుశా ఒకే ఊళ్లో రెండూ జరిగాయి. మచ్చిక నిజ జీవితంలో ఇలాగే ఉంటుందని నా నమ్మకం: గీత గీసినట్టు అడవి ఇటు, ఊరు అటు అని ఉండదు.

అక్కడి నుంచి గేదె సముద్రం దాటింది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మెసొపొటేమియాకు చెందిన అక్కాద్ రాజు షార్-కలి-షర్రీ లేఖకుడి ముద్ర ఒకటుంది, క్రీ.పూ. 2200 ప్రాంతానిది. ఇద్దరు వీరులు మోకాళ్ల మీద కూర్చుని పొంగిపొర్లే పాత్రలు పట్టుకున్నారు, రెండు గేదెలు తలలు పైకెత్తి తాగుతున్నాయి. కొమ్ముల గాట్లు లెక్కపెట్టేంత స్పష్టంగా చెక్కాడు. మెలూహ్హ అని వాళ్లు పిలిచిన సింధు దేశంతో ఓడల వ్యాపారం నడుస్తున్న కాలమది. ఆ తర్వాత మెసొపొటేమియా కళలో గేదె కనబడకుండా పోతుంది. ఆ మొదటి ప్రయాణం నిలవలేదు. రెండో ప్రయాణం నిలిచింది. ఎనిమిదో శతాబ్దంలో సింధును గెలిచిన ముహమ్మద్ బిన్ కాసిం అక్కడి గేదెలను ఇరాక్ పాలకుడు అల్-హజ్జాజ్‌కు పంపాడు; వాటితో జుత్ అనే సింధు కాపరులు కూడా వెళ్లి టైగ్రిస్ చిత్తడి నేలల్లో స్థిరపడ్డారు. వాటిలో వేల గేదెలను ఆంటియోక్ దారిలో సింహాల బెడద తగ్గించడానికి తరలించారని చరిత్రకారుడు అల్-బలాధురి రాశాడు. గేదె ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేదన్నది ఈ కథలో నాకు ముఖ్యమైన సంగతి. దాన్ని నీళ్లకు తోలడం, పొదుగు పట్టడం, ఈత దగ్గర కూర్చోవడం తెలిసిన మనుషులు వెంట వెళ్లిన చోటే అది నిలిచింది. ఇరాక్ చిత్తడి నేలల్లో నేటికీ బతికున్నదీ, ఇటలీ కంపానియాలో మొజరెల్లా చీజ్‌కు పాలిస్తున్నదీ మన నది గేదె తెగే.

చిత్తడి గేదె కథలో ఒక పెద్ద దిద్దుబాటు జరిగింది. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో హెముదు అనే చోట సుమారు 7000 ఏళ్ల నాటి వరి పండించిన ఊరు బయటపడింది. గేదె ఎముకలు విస్తారంగా దొరికాయి. గేదె భుజపుటెముకను చెక్కి, కర్రకు కట్టి చేసిన పారలు కూడా దొరికాయి. వరి, బురద, గేదె మూడూ ఒకచోట కనిపిస్తే మచ్చిక అనుకోవడం సహజం. చాలాకాలం పాఠ్యపుస్తకాలు అలాగే చెప్పాయి. 2008లో ఉత్తర చైనా వేయ్ నది లోయలో దొరికిన పాత గేదె ఎముకల నుంచి జన్యుపదార్థం తీసి చదివితే, అవి నేటి చిత్తడి గేదెకు పూర్వీకులు కావని తేలింది. అది అంతరించిపోయిన మరో అడవి గేదె. షాంగ్ రాజుల రాజధాని అన్యాంగ్‌లో కుప్పలుగా దొరికిన గేదె ఎముకలూ ఆ జంతువువే. పార గేదె ఎముకదే, కానీ పార పట్టిన మనిషి గేదెను పెంచినట్టు ఆధారం లేదు. నేటి చిత్తడి గేదెల తల్లివరసలు అన్నిటికంటే ఎక్కువగా కలిసే చోటు దక్షిణ చైనా, ఇండోచైనా సరిహద్దు ప్రాంతం. 3000 నుంచి 7000 ఏళ్ల కిందట అక్కడ మచ్చికై, ఉత్తరాన యాంగ్జీ దాకా, దక్షిణాన మలయా దాకా, దీవుల మీదుగా ఫిలిప్పీన్స్ దాకా పాకిందని ఇప్పటి అవగాహన.

మన దక్కను సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు సాగుతాను. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. ఆ దొడ్డి ప్రధానంగా మూపురం ఆవులది, గేదెలది కాదు. గేదెకు చెమట గ్రంథులు తక్కువ, చర్మం నలుపు. ఎండలో నీళ్లు లేకపోతే తాళలేదు. ఈ మెట్టప్రాంతంలో గేదె ఊరూరా విస్తరించడానికి వాన ఒక్కటే చాలదు, చెరువు కావాలి. కాకతీయుల కాలపు చెరువుల తవ్వకమే తెలంగాణలో బర్రెకు ఇల్లు కట్టిందని నేను అనుకుంటాను. చరిత్ర విద్యార్థులెవరైనా దీన్ని శాసనాలతో పరీక్షిస్తే సంతోషిస్తాను.

ఇప్పుడు అసలు వాదనకు వస్తాను. మచ్చిక ఒక్కసారి, కొద్దిపాటి మందతో జరిగి, ఆ తర్వాత తలుపు మూసుకుని ఉంటే, నేటి గేదెల్లో తల్లివరసలు కొన్నే ఉండాలి. పైగా ఒక్కో ప్రాంతానికి ఒక్కో వరస విడిగా కనిపించాలి. నది గేదెలో అలా లేదు. తల్లివరసలు చాలా ఉన్నాయి; అవి జాతుల మధ్య కలగలిసి ఉన్నాయి. గుజరాత్ గేదెకున్న వరస విదర్భ గేదెలోనూ కనిపిస్తుంది. దీనికి రెండు కారణాలు కలిసి పనిచేసి ఉండాలి. ఒకటి, కాపరులు మందలతో దూరాలు తిరిగారు, సంతల్లో అమ్మారు, కొన్నారు. రెండు, ఊరి మందల్లోకి అడవి రక్తం వస్తూనే ఉంది.

రెండోది ఊహ కాదు. నేటికీ కళ్లముందు జరుగుతోంది. అస్సాంలో బ్రహ్మపుత్ర ఇసుక దిబ్బల మీద కాపరులు ఖుటీలనే విడుదులు వేసుకుని గేదెలను మేపుతారు. కాజిరంగా, మానస్ అడవుల అంచుల్లో అడవి దున్న వచ్చి ఆ మందలో చేరుతుంది. కాపరి దాన్ని తరిమేయడు. దానికి పుట్టిన దూడ ఒళ్లు తిరిగి, జబ్బుకు తట్టుకుని నిలుస్తుందని అతనికి తెలుసు. నేపాల్‌లో 1976లో ఏర్పడిన కోశీ టప్పూ సంరక్షణ ప్రాంతం చుట్టూ ఉన్న ఊళ్లలో కూడా ఇదే జరుగుతుంది.

ఇక్కడ ఒక చిక్కును దాచకుండా చెప్పాలి. ఊరి గేదెకు మేలు చేసే ఈ కలయికే అడవి గేదెకు ప్రాణాంతకంగా మారింది. ప్రపంచంలో అడవి గేదెలు 4000 లోపే మిగిలాయని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం అంచనా. అందులో అత్యధిక భాగం అస్సాంలో ఉంది. వాటిలో ఊరి రక్తం కలవనివి ఎన్నో తేల్చడం కష్టం. మధ్య భారతంలో, మన గోదావరిలో కలిసే ఇంద్రావతి ఒడ్డున, గడ్చిరోలి కోలామార్కాలో, ఛత్తీస్‌గఢ్ ఉదంతిలో చిన్న చిన్న గుంపులే ఉన్నాయి. ఉదంతిలో ఒక దశలో ఒకే ఒక్క ఆడ జంతువు మిగిలింది. అడవి గేదెను రక్షించాలంటే ఊరి మందలను దూరంగా ఉంచాలి, గాలికుంటు టీకాలు వేయించాలి. అటవీ శాఖ ఆ పని చేయడం సరైనదే. కానీ దానితో వేల ఏళ్ల నాటి దారి అటువైపు నుంచి మూసుకుంటోందని మనం గుర్తించాలి. ఇకమీదట ఊరి గేదెలకు కొత్త రక్తం అడవి నుంచి రాదు. ఉన్నదాన్ని ఊళ్లోనే కాపాడుకోవాలి.

ఉన్నది ఏమిటి? ఒక గేదె ఎన్ని లీటర్లిస్తుందన్న ఒక్క కొలతతో చూస్తే ముర్రా ముందు చాలా జాతులు వెనకబడినవే. కానీ కచ్ వెళ్లి బన్నీ గడ్డిబీళ్లలో సాయంత్రం వేళ నిలబడితే వేరే కొలత కనిపిస్తుంది. పగటి వేడి తగ్గాక మాల్‌ధారీ కాపరులు మందను వదులుతారు. వెంట మనిషి వెళ్లడు. ఉప్పుదేలిన ఆ బీడులో గేదెలు రాత్రంతా మేసి, తెల్లారేసరికి వాటంతట అవే పాలు పితికే వేళకు ఇల్లు చేరతాయి. దారి చూపేది మందలోని ముసలి గేదెలు. పడ్డలు వాటి వెంట నడిచి దారి నేర్చుకుంటాయి. పగలు కట్టేసి మేపే పద్ధతిలో పెరిగిన గేదెను అక్కడ వదిలితే ఎండకో దాహానికో పోతుంది. ఒడిశాలో చిలికా గేదె కూడా రాత్రిపూటే మేస్తుంది, కానీ బీడులో కాదు: ఉప్పునీటి సరస్సులో దిగి నాచూ గడ్డీ తింటుంది. దాని పేడ చేపలకు మేత. దాని పెరుగు ఫ్రిజ్ లేకుండా చాలా రోజులు పాడవకుండా ఉంటుందని అక్కడి ఇళ్లలో అందరికీ తెలుసు. భదావరీ గేదె చిన్నది, పాలు తక్కువ. కానీ వెన్న శాతంలో మిగతా జాతులను బాగా మించుతుంది. నీలగిరుల్లో తోడాలు పాలనూ పాలిల్లునూ పవిత్రంగా చూసుకుంటూ కాపాడిన గేదె కొన్ని వేలకు మించి లేదు. ఇండోనేషియాలో తొరాజా ప్రజలు అంత్యక్రియలకు తెల్లమచ్చల గేదెను అన్నిటికంటే మిన్నగా ఎంచి, ఆ మచ్చలకు కారణమైన జన్యుమార్పును తరతరాలుగా నిలబెట్టారు. పాలతో, దుక్కితో ఏ సంబంధమూ లేని ఎంపిక అది. మన ఉత్తరాంధ్రకు ఆనుకున్న తూర్పు కనుమల్లో మండా గేదె కొండవాలు మేస్తుంది, దుక్కి దున్నుతుంది, దాణా లేకుండా దూడను పెంచుతుంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ దానికి జాతి గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు వచ్చింది కానీ దాని విత్తనపు దున్నలు ఎన్ని మిగిలాయన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు అంకెల వైపు చూద్దాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో దాదాపు 10.98 కోట్ల గేదెలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 62 లక్షలు, తెలంగాణలో 42 లక్షలు దాటాయి. ఇన్ని ఉన్నప్పుడు వైవిధ్యానికి ముప్పేమిటని రైతులు, అధికారులు కూడా అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. జవాబు తలల లెక్కలో లేదు, తండ్రుల లెక్కలో ఉంది. సీవాల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం విద్యార్థులకు తెలుసు. ఒక ప్రాంతంలో పది వేల గేదెలుండి, వాటన్నిటికీ పది దున్నల వీర్యమే వాడుతుంటే, జన్యుపరంగా అది పది వేల మంద కాదు. సుమారు నలభై పశువుల మంద. ఆడవి లక్షకు పెరిగినా ఆ నలభై నలభైగానే ఉంటుంది. దున్నలు పెరిగితే తప్ప మారదు. కృత్రిమ గర్భధారణలో ఒక దున్న ఏటా వేల మోతాదుల వీర్యం ఇస్తుంది. మంచి దున్న ఎంత మంచిదని తేలితే, అంతగా మిగతా దున్నల చోటు తినేస్తుంది.

పాల ఆవుల్లో ఈ దారి ఎక్కడికి చేరిందో చూశాం. ఉత్తర అమెరికా హోల్‌స్టీన్ విత్తనపు ఆబోతుల తండ్రివరసలు దాదాపు అన్నీ 1880లో పుట్టిన రెండు ఆబోతులకు చేరతాయి. 1960ల్లో పుట్టి ప్రసిద్ధికెక్కిన ఒక ఆబోతు అసాధారణమైన పాల గుణంతో పాటు పిండాన్ని చంపే ఒక లోపాన్ని కూడా మోసింది. ఆ లోపం వల్ల ప్రపంచమంతటా సుమారు 5 లక్షల చూళ్లు పోయాయని అంచనా. లోపమేమిటో కనిపెట్టడానికి దశాబ్దాలు పట్టింది. ఆ ఆబోతును ఎంచిన వాళ్లు అజ్ఞానులు కారు. అప్పటికి తెలిసిన మంచి శాస్త్రంతోనే ఎంచారు.

మన గేదెల్లో ముర్రాది ఇప్పుడు ఆ స్థానం. నేను ముర్రాకు వ్యతిరేకిని కాదు. రోహతక్, హిసార్, జింద్ రైతులు తరతరాలుగా ఎంచి ఎంచి తీర్చిన ఆ పశువు ఈ దేశం సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి. కోస్తా జిల్లాల్లో లక్షల కుటుంబాలు ముర్రా సంకరం వల్ల పిల్లలను చదివించుకున్నాయి. దీపావళి వెళ్లాక హైదరాబాద్‌లో జరిగే సదర్ ఉత్సవంలో హర్యానా దున్నపోతు ముందు జనం చేతులెత్తి నిలబడటానికి ఆ గౌరవమే కారణం. 1962లో భారత్ నుంచి వెళ్లిన ముర్రాలు బల్గేరియాలో కొత్త జాతికి మూలమయ్యాయి. అక్కడి పశువులు ఫిలిప్పీన్స్‌కు చేరి చిత్తడి గేదెలతో కలిశాయి. ఈనాడు మన దేశపు గేదెల్లో నూటికి నలభైకి పైగా ముర్రా లేదా ముర్రా రక్తం కలిసినవి. విజయం ఎంత పెద్దదో, దాని నీడలో కనుమరుగయ్యేవి కూడా అంత ఎక్కువ.

ఆ కనుమరుగు ఎందుకు కనిపించదో విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. గోదావరి జిల్లాలో ఒక నాటు గేదెకు ముర్రా వీర్యపు సూది చేయించారనుకోండి. పుట్టిన పెయ్యలో సగం ముర్రా. ఆ పెయ్యకు మళ్లీ ముర్రా, దాని పెయ్యకు మళ్లీ ముర్రా. రెండో తరానికి 75 పాళ్లు, మూడో తరానికి 87, ఐదో తరానికి దాదాపు 97. నాటు గేదె ఎండను తట్టుకున్న గుణమో, ఎండుగడ్డి మీద చూలు నిలబెట్టుకున్న గుణమో ఏ జన్యువుల్లో ఉన్నా, వాటిలో నూటికి మూడు పాళ్లే మిగిలాయి. మగదూడకైతే తండ్రి నుంచి వచ్చే వై క్రోమోజోము మొదటి తరంలోనే పూర్తిగా ముర్రాది. కానీ తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా? ఐదో తరంలో కూడా అది నూటికి నూరు పాళ్లు ఆ మొదటి నాటు గేదెదే. కాబట్టి తల్లివరసలను మాత్రమే చదివే పరిశోధకుడికి మన జిల్లాల వైవిధ్యం చెక్కుచెదరనట్టు కనిపిస్తుంది. వంశంలోని ఒక పుట మిగిలి, పుస్తకం మారిపోయినా అతనికి తెలియదు. 2020లో వెలువడ్డ ఒక అధ్యయనం ఏడు జాతుల 79 గేదెల పూర్తి జన్యుపటాలను చదివి పోల్చింది. మన నాటు మందలను చదవాల్సింది ఆ పద్ధతిలోనే. ఆలస్యమైతే చదవడానికి తల్లి పుట మాత్రమే ఉంటుంది.

ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర నాటు దున్నల వీర్యాన్ని భద్రపరిస్తే చాలదా అని అడగవచ్చు. ఆ పని తప్పక చేయాలి. కానీ బన్నీలో పడ్డకు రాత్రి దారి నేర్పేది వీర్యం కాదు, ముసలి గేదె. ఆ ముసలి గేదెను అమ్మకుండా ఉంచుకునేది కాపరి. కాపరిని అక్కడ నిలిపేది బీడు. బీడు పోయిన తర్వాత గేదెను నిల్వ నుంచి తిరిగి పుట్టించినా దానికి చేరడానికి చోటు ఉండదు. మండా గేదె కొండవాలుకూ, మన ఊరి గేదె ఊరి చెరువుకూ అలాగే ముడిపడి ఉన్నాయి. చెరువులు పూడ్చి ప్లాట్లు వేసే ఊళ్లో నాటు గేదె గురించి మాట్లాడటానికి పశువైద్యుడొక్కడే సరిపోడు, పంచాయతీ కావాలి.

ముర్రాతోనే ముందుకు సాగే ప్రాంతాల్లో కూడా చేయగలిగినది ఉంది. వీర్య కేంద్రాలు ఎక్కువ దున్నలను, తక్కువ కాలం వాడాలి. ఒక మండలానికి ఒకే దున్న వీర్యం ఏళ్ల తరబడి పంపకూడదు. ఉత్తరాంధ్ర కొండల్లో మండా గేదెకు మండా దున్న దొరికేలా చూడాలి. అడిగిన రైతుకు ముర్రా ఇవ్వవద్దని నేను అనను, మండా అడిగిన రైతుకు అది లేదనకూడదంటాను.

ఇక ఒక పని ఈ కళాశాల విద్యార్థులు రేపే మొదలుపెట్టవచ్చు. వీర్యపు స్ట్రా మీద దున్న సంఖ్య, జాతి, తేదీ, కేంద్రం పేరు ముద్రించి ఉంటాయి. సూది పని కాగానే ఆ స్ట్రా గడ్డిలో పడుతుంది. చాలా దొడ్లలో ఆ గేదెకు తండ్రి ఎవరన్న సమాచారం కూడా దానితోనే పోతుంది. ప్రతి విద్యార్థీ ఒక ఊరిని తీసుకుని, అక్కడ సూదులు వేసే గోపాలమిత్రతో మాట్లాడి, గేదె చెవి సంఖ్య పక్కన దున్న సంఖ్య రాసి ఉంచాలి. ఈత తేదీ, దూడ ఆడదా మగదా, వేసవిలో పాలు ఎంత పడిపోయాయి, ఎక్కడ మేసింది, ఏ చెరువులో దిగింది, ఇవి కూడా రాయాలి. ఒక దున్నకు పుట్టిన పెయ్య మూడేళ్లకు ఎదకొస్తుంది. అప్పుడు అదే దున్న సూది పడితే పుట్టే దూడలో అంతఃప్రజనన గుణకం 25 శాతం. రిజిస్టర్ ఉన్న ఊళ్లో ఆ సూదిని ఆపవచ్చు. లేని ఊళ్లో అది పడుతూనే ఉంటుంది, ఎవరికీ తెలియకుండా.